ఫైలు పేరులో ఏముండాలి, ఏముండకూడదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ మీద ప్రశ్నలు పంపమని అడిగితే, వచ్చిన వాటిలో ఎక్కువ భాగం రాయడం గురించి కాదు, రాసిన దాన్ని ఎక్కడ పెట్టాలి, ఏం పేరు పెట్టాలి అనేదాని గురించే. నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. వాక్యం బాగాలేకపోతే ఒకరు ఒకసారి కూర్చుని సరిచేస్తే అయిపోతుంది, పేరు బాగాలేకపోతే మాత్రం ఆ ఫైలు కోసం వెతికే ప్రతి మనిషీ ప్రతిసారీ అవస్థ పడతాడు. చదివే ముందు ఒక మాట: కింద ఫైలు పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాశాను, మీ మెషీన్ మీద అవి ఇంగ్లిష్ స్మాల్ లెటర్స్‌లో ఉంటాయనుకోండి. చివర వచ్చే ఎక్స్‌టెన్షన్ కూడా చాలాచోట్ల వదిలేశాను.

ప్రశ్న: నమస్తే మేడమ్. కొత్తగా ఒక ప్రాజెక్ట్‌లో డాక్యుమెంటేషన్ చూసుకోవడానికి చేరాను. షేర్డ్ ఫోల్డర్ తెరిస్తే నాలుగు వందలకు పైగా ఫైళ్లున్నాయి. 'యూజర్‌గైడ్_ఫైనల్', 'యూజర్‌గైడ్_ఫైనల్2', 'న్యూ యూజర్ గైడ్', 'యూజర్‌గైడ్_రివ్యూ అయ్యాక'... ఏది అసలుదో అడిగితే ఎవరూ చెప్పలేకపోతున్నారు. అన్నిటి పేర్లూ ఒకేసారి మార్చేయనా? – కొత్త టెక్నికల్ రైటర్

జవాబు: వద్దు, ఇప్పుడే ఒక్క పేరు కూడా ముట్టుకోకండి. చేరిన మొదటి వారంలోనే అంతా సర్దేయాలనిపిస్తుంది, నాకు తెలుసు, కానీ ఆ పేర్లను నమ్ముకుని ఎక్కడెక్కడ లింకులు ఉన్నాయో మీకింకా తెలీదు కదా. ముందు ఆ నాలుగు వందల పేర్లనీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి తెచ్చుకోండి, ఒక్క కమాండ్‌తో వచ్చేస్తాయి. పక్కన మూడు కాలమ్‌లు పెట్టండి: లోపల ఏముంది, చివరిసారి ఎవరు ఎప్పుడు మార్చారు, ఎక్కడి నుంచి దీనికి లింక్ ఉంది. ఇది విసుగొచ్చే పని, రెండు మూడు రోజులు పట్టినా పట్టొచ్చు, అయినా దీన్ని దాటేసి ముందుకెళ్లడానికి దారి లేదు. ఆ మూడు కాలమ్‌లు నిండేసరికి సగం ఫైళ్లు ఎవరికీ అక్కర్లేదని మీకే అర్థమవుతుంది. వాటిని డిలీట్ చేయకుండా 'ఆర్కైవ్' అని ఒక ఫోల్డర్ పెట్టి అందులోకి నెట్టేయండి.

ఇక 'ఫైనల్' సంగతి. ఆ మాట తప్పెందుకంటే, అది ఫైలులో ఏముందో చెప్పదు, ఫైలు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చెబుతుంది. స్థితి రేపు మారుతుంది. మారినప్పుడు పేరైనా మార్చాలి, లేదంటే అబద్ధం చెప్పే పేరుతోనే ఉంచాలి, అందరూ రెండోదే చేస్తారు. నాకు ఇన్నేళ్లలో బాగా ఒంటబట్టిన సూత్రం ఇదొక్కటే: మారేది ఏదీ పేరులో పెట్టకూడదు. రాసిన మనిషి పేరు, 'డ్రాఫ్ట్', 'రివ్యూ', 'న్యూ', 'లేటెస్ట్', టీమ్ పేరు, ఇంకా మార్కెటింగ్ వాళ్లు ప్రాడక్ట్‌కి ఈ ఏడాది పెట్టిన పేరు కూడా, ఇవన్నీ మారేవే. డ్రాఫ్టా కాదా అన్నది పేజీ పైన మెటాడేటాలో, అంటే పేజీ గురించిన వివరాల్లో, రాసుకోండి. ఎవరు ఎప్పుడు ఏం మార్చారన్నది గిట్ చూసుకుంటుంది, 2005 నుంచి ఆ పని చేయడానికే అది ఉంది. మీరు గిట్ వాడకపోయినా, ఆన్‌లైన్‌లో షేర్ చేసుకునే డాక్యుమెంట్లకు వెర్షన్ హిస్టరీ ఉంటుంది, దాన్ని వాడండి.

మరి పేరులో ఏం పెట్టాలంటారా? చదివేవాడు సెర్చ్ బాక్స్‌లో ఏం టైప్ చేస్తాడో అది. బ్యాకప్ ఎలా తీయాలో చెప్పే పేజీకి 'బ్యాకప్-తీయడం' అని పెట్టండి, 'డేటా-మేనేజ్‌మెంట్-3' అని పెడితే రాసిన మీకే ఆరు నెలల తర్వాత గుర్తుండదు. 'ఇతరాలు', 'నోట్స్', 'మిస్క్' లాంటి పేర్లు కూడా వద్దు, అవి ఒకసారి పుట్టాయంటే టీమ్‌లో ప్రతివాళ్లూ ఎక్కడ పెట్టాలో తెలియనిదాన్ని తెచ్చి వాటిలోనే పడేస్తారు. మీ ఫోల్డర్‌లో 'యూఎస్ఆర్‌జీడీ03' లాంటి అచ్చులు తీసేసి కుదించిన పేర్లు కూడా ఉండే ఉంటాయి. అవి విండోస్‌కి ముందు నడిచిన డాస్ కాలం అలవాటు, అప్పుడు పేరుకి 8 అక్షరాలు, ఎక్స్‌టెన్షన్‌కి 3, అంతే ఇచ్చేవాళ్లు. విండోస్ 95తోనే ఆ ఇబ్బంది పోయింది. కాబట్టి అచ్చులు మింగేసి పేరు పొట్టి చేయాల్సిన అవసరం ఇప్పుడు ఎవరికీ లేదు, పూర్తి మాటలు రాయండి.

ప్రశ్న: పేజీలు వరుసలో రావాలని ఫైలు పేర్ల ముందు 1, 2, 3 అని నంబర్లు పెట్టాం. నా ల్యాప్‌టాప్‌లో బాగానే కనిపిస్తోంది, ఫైళ్లన్నీ ఉంచే రిపాజిటరీ పేజీలో చూస్తే 1 తర్వాత 10, 11, ఆ తర్వాత 2 వస్తోంది. మధ్యలో కొత్త పేజీ ఇరికించాలంటే కింద ఉన్నవన్నీ మార్చాల్సి వస్తోంది. – ఎస్., డెవలపర్

జవాబు: విండోస్ ఎక్స్‌ప్లోరర్ నంబర్‌ని నంబర్‌లా చూసి వరుస పెడుతుంది, మిగతా చాలా టూల్స్ ఒక్కో అక్షరాన్నీ పోల్చుకుంటూ వెళతాయి, వాటి లెక్కలో '10' లోని 1, '2' కన్నా ముందు. ముందు సున్నా పెడితే, అంటే 01, 02, 10 అని రాస్తే, ఆ సమస్య తీరుతుంది. కానీ మీ రెండో ఇబ్బంది తీరదు, అసలు జబ్బు అక్కడుంది. వరుస కూడా మారేదే. ఈ నెల మూడో పేజీ వచ్చే నెల ఐదోది అవుతుంది.

వరుసని పేరులోంచి తీసేసి, మీ ఫైళ్లని వెబ్‌సైట్‌గా మార్చే టూల్‌కి అప్పజెప్పండి. స్ఫింక్స్‌లో దానికి 'టాక్‌ట్రీ' ఉంది, ఎంకేడాక్స్‌లో కాన్ఫిగరేషన్ ఫైలులో 'నావ్' అనే భాగం ఉంది (అది రాయకపోతేనే అక్షర క్రమంలో పేరుస్తుంది), డాక్యుసారస్‌లో పేజీ పైన 'సైడ్‌బార్ పొజిషన్' అని రాసుకోవచ్చు. డాక్యుసారస్ అయితే పేరు ముందున్న నంబర్‌ని అడ్రస్‌లోకి రానివ్వకుండా తనే కత్తిరిస్తుంది, అందుకే అక్కడ నంబర్లు పెట్టినా ప్రాణాపాయం ఏమీ లేదు. ఏ టూలూ లేని వట్టి ఫోల్డర్ అయితే సరే, నంబర్లు పెట్టుకోండి, కాకపోతే 10, 20, 30 అని ఖాళీలు వదిలి పెట్టుకుంటే మధ్యలో ఇరికించడానికి చోటుంటుంది.

నంబర్ ఎక్కడ బాగుంటుందంటే, అది వరుసని కాకుండా ఆ ఫైలు గుర్తింపుని చెప్పేచోట. ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలు ఆర్ఎఫ్‌సీలను చూడండి, మొదటిది 1969లో వచ్చింది, దాని నంబర్ ఈరోజుకీ 1. ఒకసారి ఇచ్చిన నంబర్‌ని ఇంకోదానికి ఇవ్వరు, వెనక్కి తీసుకోరు. పైథాన్ భాషలో మార్పులు ప్రతిపాదించే పత్రాలు, పెప్‌లూ అంతే. మీ టీమ్‌లో 'ఈ డేటాబేస్ ఎందుకు ఎంచుకున్నాం' లాంటి నిర్ణయాలు రాసుకునే పత్రాలుంటే వాటికి 0001, 0002 అని నంబర్ ఇవ్వండి, అవి ఎప్పటికీ మారవు కాబట్టి చక్కగా ఒదుగుతాయి.

మీటింగ్ నోట్స్‌కి తేదీ పెట్టడం గురించి కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు. అక్కడ తేదీ మారేది కాదు, ఆ మీటింగ్ జరిగిన రోజు అదే కదా, కాబట్టి తప్పకుండా పెట్టండి. కాకపోతే ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు: 2024-03-07. ఐఎస్ఓ 8601 ప్రమాణం 1988 నుంచి చెబుతున్నది ఇదే. 07-03 అంటే కొందరికి మార్చి 7, కొందరికి జులై 3.

ప్రశ్న: అక్కా, నా మెషీన్‌లో అన్ని లింకులూ పని చేస్తున్నాయి, సర్వర్ మీద పెట్టగానే సగం పేజీలు దొరకలేదని చెబుతోంది. రెండు రోజులుగా టెన్షన్ పడుతున్నాను. – ఇంటర్న్

జవాబు: దాదాపు ఖాయంగా క్యాపిటల్ లెటర్ గొడవే. విండోస్‌లోనూ, మామూలు సెట్టింగ్స్‌తో ఉన్న మ్యాక్‌లోనూ 'ఇన్‌స్టాల్' అని క్యాపిటల్ 'ఐ'తో రాసినా స్మాల్ 'ఐ'తో రాసినా ఒకటే ఫైలు. లినక్స్‌లో అవి రెండు వేర్వేరు ఫైళ్లు, ఎక్కువ సర్వర్లు నడిచేది లినక్స్ మీదే. నువ్వు లింక్‌లో క్యాపిటల్ రాశావు, ఫైలు స్మాల్‌లో ఉంది, ఇంట్లో నీ మెషీన్ చూసీ చూడనట్టు వదిలేసింది, సర్వర్ వదల్లేదు.

సరే మారుద్దామని పేరులో ఒక్క అక్షరం క్యాపిటల్ నుంచి స్మాల్‌కి మారిస్తే విండోస్ మీద గిట్ ఆ మార్పుని గమనించకుండా ఊరుకోవచ్చు. 'గిట్ ఎంవీ' కమాండ్‌తో మార్చు, అప్పటికీ మొండికేస్తే రెండు అడుగుల్లో చెయ్యి: ముందు 'ఇన్‌స్టాల్-టెంప్' అని మార్చి, తర్వాత నీకు కావలసిన పేరుకి మార్చు. ఇక ముందు నుంచి అన్నీ స్మాల్ లెటర్సే అని టీమ్ అంతా ఒక మాట అనుకోండి. 'రీడ్‌మీ', 'లైసెన్స్' లాంటి కొన్ని మాత్రం ఎప్పటి నుంచో క్యాపిటల్స్‌లో నడుస్తున్నాయి, వాటిని అలాగే ఉండనివ్వండి.

పనిలో పనిగా పేరు మధ్యలో స్పేస్ కూడా మానేయండి. అడ్రస్‌లో అది పర్సెంట్ గుర్తు, 20 అయి కూర్చుంటుంది, కమాండ్ లైన్‌లో ఒక పేరు రెండు పేర్లుగా విడిపోతుంది. మాటల మధ్య హైఫన్ పెట్టండి. అండర్‌స్కోర్ కూడా పని చేస్తుంది, నేను మాత్రం హైఫన్‌కే ఓటేస్తాను, ఎందుకంటే లింక్ కింద గీత వచ్చినప్పుడు అండర్‌స్కోర్ ఆ గీతలో కలిసిపోయి స్పేస్‌లాగే కనిపిస్తుంది. పైగా కొన్ని టూల్స్‌లో పేరు ముందున్న అండర్‌స్కోర్‌కి వేరే అర్థం ఉంది: డాక్యుసారస్ అలాంటి ఫైలుని పేజీగా లెక్కించదు, వేరే పేజీల్లోకి చొప్పించే ముక్కగా చూస్తుంది.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలీదు. విండోస్‌లో కొన్ని పేర్లు ఫైలుకి పెట్టకూడదు: కాన్, పీఆర్ఎన్, ఆక్స్, నల్, కామ్1, ఎల్‌పీటీ1 లాంటివి. డాస్ కాలంలో అవి కీబోర్డు, ప్రింటర్ లాంటి పరికరాల పేర్లు, వెనక ఎక్స్‌టెన్షన్ తగిలించినా లాభం లేదు. లినక్స్ వాడే డెవలపర్ ఒకరు కనెక్టర్ల పేజీని కుదించి 'కాన్.ఎండీ' అని సేవ్ చేసి రిపాజిటరీలో పెట్టారనుకో, విండోస్ మీద దాన్ని దించుకోబోయిన వాళ్లందరికీ ఎర్రర్ వస్తుంది, కారణం వెతకడానికి సగం రోజు పోతుంది. పూర్తి మాటలు రాయమని నేను ఇంతగా చెప్పడానికి ఇది ఇంకో కారణం.

ప్రశ్న: ఫోల్డర్లు ఎలా విడగొట్టాలి? మా దగ్గర టీమ్ పేర్ల మీద ఉన్నాయి: బ్యాకెండ్, ఫ్రంటెండ్, సపోర్ట్. ఎవరికి వాళ్లు సొంత ఫోల్డర్‌లో రాసుకుంటారు, కస్టమర్‌కి మాత్రం ఏదీ దొరకదు. – ఆర్., ప్రాజెక్ట్ మేనేజర్

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబుంది. కస్టమర్‌కి మీ ఆఫీసులో ఎన్ని టీమ్‌లున్నాయో తెలీదు, తెలియాల్సిన పనీ లేదు. పైగా టీమ్‌లు కలుస్తాయి, విడిపోతాయి, అప్పుడు ఫోల్డర్లేం చేస్తారు?

చదివే మనిషి ఎందుకు వచ్చాడన్నది బట్టి విడగొట్టండి. దీని మీద బాగా ఆలోచించి చెప్పినవాళ్లలో డానియెలె ప్రోచిదా ఒకరు, ఆయన పద్ధతి పేరు డయాటాక్సిస్. డాక్యుమెంట్లు నాలుగు రకాలంటాడు: కొత్తవాడిని చెయ్యి పట్టుకుని నడిపించే ట్యుటోరియల్, పని తెలిసినవాడికి ఒక నిర్దిష్టమైన పని ఎలా చేయాలో చెప్పే హౌ-టు గైడ్, వివరాలు చూసుకోవడానికి రిఫరెన్స్, ఎందుకు ఇలా ఉందో అర్థం చేసుకోవడానికి వివరణ. అంతకు చాలా ముందే ఐబీఎంలో పుట్టి 2005లో ఒయాసిస్ అనే సంస్థ ప్రమాణమైన డిటా అనే డాక్యుమెంటేషన్ పద్ధతిలో కూడా టాస్క్, కాన్సెప్ట్, రిఫరెన్స్ అని ఇలాంటి విభజనే ఉంది. ఇద్దరూ వేర్వేరు దారుల్లో వచ్చి దాదాపు ఒకేచోటికి చేరారంటే అందులో విషయం ఉందనే నేను నమ్ముతాను.

అలాగని రేపే నాలుగు ఫోల్డర్లు తెరిచి పాత పేజీలన్నీ వాటిలోకి తోసేయకండి. పెద్ద ప్రాడక్ట్ అయితే పై స్థాయిలో వాడేవాళ్లు గుర్తుపట్టే భాగాలు ఉండాలి (బిల్లింగ్, రిపోర్టులు, యూజర్ల నిర్వహణ), ఆ లోపల ఈ నాలుగు రకాలు రావాలి. చిన్నదైతే నేరుగా నాలుగు రకాలే చాలు. ఇరవై పేజీలున్న ప్రాజెక్ట్‌కి ఆరు ఫోల్డర్లు పెట్టి ఒక్కోదాంట్లో మూడేసి పేజీలు దాచడం నేను చాలాచోట్ల చూశాను, ప్రతి పేజీకీ మూడు క్లిక్కులు తప్ప దాని వల్ల ఎవరికీ ఒరిగింది లేదు.

లోతు కూడా తగ్గించండి. మూడు అంతస్తులు దాటితే మనిషికీ కష్టమే, మెషీన్‌కీ కష్టమే. విండోస్‌లో మామూలుగా డ్రైవ్ అక్షరం నుంచి ఫైలు పేరు చివరి దాకా మొత్తం దారి 260 అక్షరాల్లో ఇమడాలి. విండోస్ 10లో 2016లో వచ్చిన 1607 వెర్షన్ నుంచి ఈ పరిమితిని ఎత్తేసే సెట్టింగ్ ఉంది, కానీ దాన్ని ఆన్ చేయాలి, వాడే ప్రోగ్రామ్ కూడా దానికి సిద్ధంగా ఉండాలి. ఇంకో చిన్న విషయం: ఫోల్డర్ పేరుని ఫైలులో మళ్లీ చెప్పక్కర్లేదు. 'బిల్లింగ్' ఫోల్డర్‌లో 'రీఫండ్' అంటే చాలు, 'బిల్లింగ్-రీఫండ్-బిల్లింగ్-గైడ్' అక్కర్లేదు.

ప్రశ్న: మా యాప్ సహాయం పేజీలు తెలుగులో కూడా ఇస్తున్నాం. ఫైలు పేర్లు కూడా తెలుగులోనే పెడితే ఏమవుతుంది? ఇప్పుడు యూనికోడ్ ఉంది కదా. తెలుగు పేజీకి ఇంగ్లిష్ పేరెందుకని నాకు బాధగా ఉంది. – అనువాదకురాలు

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది, నేనూ ఒకప్పుడు పట్టుబట్టి తెలుగులో పెట్టాను. పెట్టొచ్చు, పని చేస్తుంది. ఎక్కడ ఇబ్బంది వస్తుందో చెబుతాను, విన్నాక నిర్ణయం మీది.

మొదటిది, పొడవు. యూనికోడ్ అక్షరాల్ని కంప్యూటర్‌లో దాచే పద్ధతి యూటీఎఫ్-8లో మన ప్రతి అక్షరమూ, గుణింతం గుర్తూ, పొల్లూ విడివిడిగా 3 బైట్లు తీసుకుంటాయి. లినక్స్‌లో ఫైలు పేరుకి 255 బైట్లే హద్దు, అంటే మనకి వచ్చేవి 85 గుర్తులు. 'శ్రీ' మన కంటికి ఒక్క అక్షరం, లోపల శ, పొల్లు, ర, ఈత్వం, నాలుగు గుర్తులు, 12 బైట్లు. వెబ్ అడ్రస్‌లోకి వెళితే ఒక్కో బైటూ మళ్లీ మూడు అక్షరాలవుతుంది. 'తెలుగు' అనే మాటకి లోపల ఆరు గుర్తులు, 18 బైట్లు, అడ్రస్‌ని కాపీ చేసి మెయిల్‌లో అతికిస్తే 54 అక్షరాల పర్సెంట్ గుర్తుల దండ. చదవడానికి వీల్లేని ఆ దండని చూసి కస్టమర్ అది ఏదో మోసం లింక్ అనుకుని నొక్కడు.

రెండోది నన్ను ఒక పూటంతా కూర్చోబెట్టింది. ఫోల్డర్‌లో 'ఫైల్' అనే పేరుంది, లింక్‌లోనూ 'ఫైల్' అనే ఉంది, కంటికి ఒక్క పిసరు తేడా లేదు, లింక్ మాత్రం తెరుచుకోదు. చివరికి ఒక్కో గుర్తునీ విడగొట్టి చూస్తే, ఫోల్డర్‌లో ఉన్న పేరు చివర కనిపించని గుర్తు ఒకటి, జీరో విడ్త్ నాన్ జాయినర్, కూర్చుని ఉంది. 'ఫైల్‌లు' అని టైప్ చేసినప్పుడు ల్‌కి కింద ఒత్తు పడకుండా మధ్యలో అది పెడతాం కదా. ఎవరో ముందు 'ఫైల్‌లు' అని రాసి, తర్వాత 'లు' తీసేశారు. అది మిగిలిపోయింది. కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు పేర్లు.

అలాంటిదే ఐత్వంతో ఇంకోటి. 'ఫై' లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద వచ్చే ఐ గుర్తు అని రెండుగా కూడా రాయొచ్చు, రెండూ సమానమే అని యూనికోడ్ చెబుతుంది. పాత మ్యాక్‌లలోని ఫైల్ సిస్టమ్ పేర్లను ఇలా విడదీసిన రూపంలో దాచుకునేది, లినక్స్ మాత్రం ఏ బైట్లు ఇస్తే అవే ఉంచుతుంది. అటూ ఇటూ కాపీ చేసినప్పుడు ఒకే పేరుతో రెండు ఫైళ్లు కనిపిస్తే కారణం ఇదే అయ్యుండొచ్చు.

అందుకని నేనిప్పుడు చేసేది ఇది: అన్ని భాషల్లోనూ ఫైలు పేరు ఒక్కటే, భాష ఫోల్డర్‌లో. 'ఈఎన్' ఫోల్డర్‌లో 'బ్యాకప్', 'టీఈ' ఫోల్డర్‌లోనూ 'బ్యాకప్'. దీనివల్ల ఏ పేజీకి అనువాదం ఇంకా కాలేదో రెండు ఫోల్డర్లు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది, చిన్న స్క్రిప్ట్ కూడా చెప్పేస్తుంది. పేజీ శీర్షిక, మెనూలో కనిపించే పేరు, సెర్చ్‌లో వచ్చే మాట, ఇవన్నీ చక్కగా తెలుగులోనే ఉంచండి, చదివేవాడు చూసేది వాటినే. ఇంకొకటి, భాష కోడ్ జాగ్రత్త: తెలుగుకి 'టీఈ'. 'టీఎల్' అని పెట్టే వాళ్లున్నారు, అది ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే టగలాగ్ భాషది.

ప్రశ్న: స్క్రీన్‌షాట్లకి ఏం పేర్లు పెట్టాలి? మా 'ఇమేజెస్' ఫోల్డర్‌లో 'స్క్రీన్‌షాట్ (47)' లాంటివి రెండు వందలున్నాయి. – పి.

జవాబు: ఆ తెర దేన్ని చూపిస్తోందో అది: 'బ్యాకప్-షెడ్యూల్-డైలాగ్'. 'ఫిగర్-3' వద్దు, బొమ్మ నంబర్ మారుతుంది. ఒకే పేజీకి చెందిన బొమ్మల్ని ఆ పేజీ పక్కనే ఉంచండి, పేజీ పాతబడి తీసేసినప్పుడు అవీ దాంతో పోతాయి. చాలా పేజీల్లో వాడే లోగోలు, ఐకాన్లు మాత్రం ఉమ్మడి ఫోల్డర్‌లో ఉండాలి. డయాగ్రమ్ అయితే ఎడిట్ చేయగలిగే అసలు ఫైలుని కూడా అదే పేరుతో పక్కనే పెట్టండి. రెండేళ్ల తర్వాత ఒక బాణం గుర్తు మార్చాల్సి వచ్చి, పీఎన్‌జీ తప్ప ఏమీ లేక మొత్తం మళ్లీ గీయడం ఎంత నరకమో చేసినవాళ్లకే తెలుస్తుంది. మ్యాక్ వాడే వాళ్లకి ఒక హెచ్చరిక: ఈమధ్య మ్యాక్‌లు స్క్రీన్‌షాట్ పేరులో టైమ్ తర్వాత 'పీఎం' ముందు పెట్టేది మామూలు స్పేస్ కాదు, దానిలాగే కనిపించే వేరే గుర్తు. చేత్తో టైప్ చేసిన పేరు దానికి సరిపోలదు. పేజీలో పెట్టే ముందే పేరు మార్చేయండి.

ప్రశ్న: ప్రాడక్ట్ మూడు వెర్షన్లు కస్టమర్ల దగ్గర నడుస్తున్నాయి. ప్రతి ఫైలుకీ చివర 'వీ2', 'వీ3' అని పెడుతున్నాం. సరైనదేనా? – కె., టీమ్ లీడ్

జవాబు: ఫైలుకి వద్దు. వెర్షన్ అన్నది ఫోల్డర్‌కో గిట్ బ్రాంచ్‌కో (అదే ప్రాజెక్ట్‌లో విడిగా నడిచే శాఖ) చెందాలి, లోపల ఫైలు పేర్లు అన్ని వెర్షన్లలో ఒకటే ఉండాలి. అప్పుడు వీ2 పేజీ చదువుతున్నవాడు వెర్షన్ మెనూలో వీ3 నొక్కితే నేరుగా అదే పేజీకి వెళ్లగలడు.

ఫోల్డరా, బ్రాంచా అంటే: డాక్యుసారస్ కొత్త వెర్షన్ తీసిన ప్రతిసారీ మొత్తం పేజీల కాపీని వేరే ఫోల్డర్‌లో పెడుతుంది, చూసుకోవడం తేలిక, కానీ ఒక అక్షరదోషం దిద్దాలంటే మూడు చోట్ల దిద్దాలి. బ్రాంచ్‌లైతే ఒక బ్రాంచ్‌లో దిద్ది మిగతావాటికి పంపొచ్చు, కాకపోతే గిట్‌తో బాగా అలవాటున్న టీమ్ కావాలి. మీ ప్రోగ్రామ్ కోడ్‌కే రిలీజ్ బ్రాంచ్‌లు ఉంటే డాక్యుమెంట్లనూ అదే దారిలో పెట్టండి. ఏదైనా సరే, సపోర్ట్ ఆగిపోయిన వెర్షన్‌ని ఆర్కైవ్‌లోకి పంపే రోజు ఏదో ముందే రాసిపెట్టుకోండి.

ప్రశ్న: ఇదంతా చదివి పేర్లు మార్చాలనే నిర్ణయించుకున్నాం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? – ఒక చిన్న డాక్స్ టీమ్

జవాబు: ముందు నా వల్ల జరిగిన పొరపాటు చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక ప్రాజెక్ట్‌లో ఫోల్డర్లన్నీ చక్కగా సర్దాను. లోపలి లింకులన్నీ ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను, ఒక్కటీ తెగలేదు, శుక్రవారం సాయంత్రం పబ్లిష్ చేసి వెళ్లిపోయాను. సోమవారం వచ్చేసరికి సపోర్ట్ టీమ్ వాళ్లు నా సీటు దగ్గర నిలబడి ఉన్నారు. ప్రోగ్రామ్‌లో ప్రతి తెర మీదా 'హెల్ప్' బటన్ ఉంది, దాని వెనక పాత అడ్రస్ కోడ్‌లోనే రాసిపెట్టి ఉంది. కస్టమర్ల మెషీన్లలో ఇప్పటికే ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్రోగ్రామ్ అది, నేను దాన్ని మార్చలేను. వాళ్లకి హెల్ప్ కావలసిన సరిగ్గా ఆ నిమిషంలో 'పేజీ దొరకలేదు' అని వచ్చింది. రెండు రోజులు అదే పరిస్థితి. తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధే.

కాబట్టి పాత అడ్రస్ నుంచి కొత్తదానికి రీడైరెక్ట్ పెట్టకుండా ఒక్క పబ్లిష్ అయిన పేజీ పేరు కూడా మార్చకండి. శాశ్వతంగా మారిందని చెప్పే కోడ్ 301, సర్వర్‌లో పెట్టొచ్చు, సర్వర్ మీ చేతిలో లేకపోతే ఎంకేడాక్స్‌కీ డాక్యుసారస్‌కీ రీడైరెక్ట్ కోసం ప్లగిన్‌లు ఉన్నాయి. వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే అడ్రస్‌లు మారకూడదని, మారని విధంగా వాటిని ముందే ఆలోచించి పెట్టాలని రాశాడు, అందులో ఆయన పేరులో ఉంచొద్దన్న వాటిలో రచయిత పేరు, స్థితి కూడా ఉన్నాయి.

గిట్‌లో ఇంకో జాగ్రత్త. పేరు మారిందని గిట్ ఎక్కడా రాసుకోదు, పాత ఫైలునీ కొత్త ఫైలునీ పోల్చి, సగానికి సగం కలిస్తే అదే ఫైలు అని ఊహిస్తుంది. మీరు పేరూ మార్చి, లోపల అంతా తిరగరాసి, రెండూ ఒకే కమిట్‌లో (గిట్‌లో ఒకసారికి సేవ్ చేసే మార్పుల కట్ట) పెడితే ఆ పోలిక దొరక్క, ఆ పేజీ చరిత్ర అక్కడితో తెగినట్టు కనిపిస్తుంది. పేరు మార్పు ఒక కమిట్, రాత మార్పు ఇంకో కమిట్. ఒకేసారి నాలుగు వందలు కాకుండా ఒక్కో ఫోల్డర్ చొప్పున చేయండి, ప్రతి ఫోల్డర్ తర్వాతా లింక్ చెకర్ నడపండి.

మొదలుపెట్టే ముందు డెవలపర్ల దగ్గర కూర్చుని కోడ్‌లో మీ డాక్స్ సైట్ అడ్రస్ ఎక్కడెక్కడ ఉందో ఒక్కసారి సెర్చ్ కొట్టించండి. నేను ఆరోజు చేయనిది అదే, పది నిమిషాల పని. సపోర్ట్ వాళ్లు కస్టమర్లకి పంపే రెడీమేడ్ మెయిళ్లలో, ట్రైనింగ్ స్లైడ్‌లలో ఏ లింకులున్నాయో కూడా అడగండి. ఆ జాబితాలో ఉన్న పేజీల్ని అన్నిటికన్నా చివర్లో ముట్టుకోండి, శుక్రవారం మాత్రం వద్దు.